దాచిన మాట

మా ఇంట్లో ఏళ్ళ తరబడి దాచిన సంగతి ఒకటి మీ ముందు ఒప్పుకుంటున్నాను.

1998లో మిరపకోతల కాలంలో మా అక్కకు తొలి కానుపు. కాళ్ళు వాచాయి, తలనొప్పి, కళ్ళు మసకలు అంటుంటే ఎండదెబ్బ అనుకున్నాం. ఫిట్స్ వచ్చాయి. గుర్రపువాతమని కొందరు, గాలి సోకిందని కొందరు. ట్రాక్టరు మీద ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. ఆడపిల్ల పుట్టింది గాని, అక్కకు రక్తం ఆగలేదు. అప్పుడు నాకు పదహారేళ్ళు. గడ్డకట్టని ఆ రక్తం ఇంకా నా కళ్ళలోనే ఉంది.

ఆ పిల్లను మా అమ్మ పెంచింది. 2021లో సంబంధం వచ్చినప్పుడు తల్లి ఎలా పోయిందని వాళ్ళు అడిగారు. "విషజ్వరం" అన్నాను. సంఘకాపరినై ఉండి అబద్ధమాడాను. వంశంలో ఫిట్స్ అంటే సంబంధం తప్పిపోతుందని భయం.

మరుసటి ఏడు అమ్మాయికి మూడో నెల. గుంటూరు తీసుకెళ్ళాం. "మీ అమ్మగారికి కానుపులో బీపీ, ఫిట్స్ ఏమైనా వచ్చాయా?" అని డాక్టరమ్మగారు అడిగారు. పక్కనే వియ్యపురాలు. అమ్మాయి నా వంక చూసింది. దానికీ జ్వరమనే చెప్పాం మరి. నోరు ఎండిపోయింది. అయినా జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఆమె కోప్పడలేదు, విడమరచి చెప్పారు. గర్భిణికి రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. కానుపులో ఎక్కువ పోకుండా అదొక కాపుదల. ఈ జబ్బులో మాయ సరిగా నాటుకోదు, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, సన్నని నాళాల్లో గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లు అక్కడే ఖర్చయిపోతాయి. చిల్లర గండ్లకే మట్టంతా అయిపోతే పెద్ద గండి ఎలా పూడుస్తాం? మా అక్కకు అదే జరిగి ఉంటుందన్నారు.

తల్లికి వస్తే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువట; తప్పక వస్తుందని కాదు. మాయలో తండ్రి పాలు కూడా ఉంటుంది గనుక అబ్బాయి వైపు సంగతీ తెలియాలన్నారు. అప్పుడు వియ్యపురాలు తలవంచుకొని, "అన్నయ్యగారూ, వీడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఒళ్ళంతా వాచి బీపీ వచ్చింది. నేనూ చెప్పలేదు" అంది.

ఆ రోజే చిన్న మోతాదు ఆస్పిరిన్ రాశారు. 16 వారాల లోపు మొదలుపెడితే మేలట. డాక్టరు చెప్పకుండా మాత్రం ఎవరూ మింగకూడదు. వెళ్ళినప్పుడల్లా బీపీ, మూత్రం చూశారు. 36వ వారంలో బీపీ 160/110కి ఎక్కింది. లక్షన్నరకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు తొంభై వేలకు దిగాయి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సూదిమందు ఇచ్చి కానుపు చేశారు. తల్లీబిడ్డా క్షేమం.

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ మన ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి కట్టించారు. నూరేళ్ళు దాటినా వైద్యుల ముందు నోరు విప్పడం మనం నేర్వలేదు.

ఐదు నెలలు నిండాక బీపీ 140/90కి చేరితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, కుడి డొక్కలో నొప్పి ఉంటే 108కి ఫోను చేయండి. ప్రార్థన బండిలో కూర్చొని కూడా చేయవచ్చు.

"తల్లికి కానుపులో ఫిట్స్, రక్తస్రావం." అమ్మాయి చీటీలో ఈ ఒక్క ముక్క రాయించడానికి మాకు ఇరవై నాలుగేళ్ళు పట్టింది. మీ ఇంట్లో ఇలాంటి మాట దాగి ఉంటే, ఈ రోజే మీ ఆడపిల్లలకు చెప్పండి.