పీకితేనే ఎరుపు

చిరివేరు మొక్కని ఏడో తరగతి కుర్రాడొకడు పీకేశాడు. పీకి, మట్టి దులిపి, వేరుని గోటితో గీరి చూస్తున్నాడు. వరండాలోంచే అరిచాను. రెండేళ్లు సాకిన మొక్క మరి!

మాది పెడన. ఏ వీధిలోకి వెళ్లినా అచ్చులు అద్దే బల్లల చప్పుడే. మా బడి పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో ఎవరో ఒకరు కలంకారీ పనిలో ఉన్నవాళ్లే. అందుకే బడి తోట వేద్దామనుకున్నప్పుడు క్రోటన్లు వద్దు, రంగులిచ్చే మొక్కలే పెడదామన్నాను. నీలి, దానిమ్మ, ఒక కరక మొక్క, గోడవారన చిరివేరు. ప్రతిదానికీ రేకు బోర్డు, తెలుగు పేరు, దాని కింద శాస్త్రీయ నామం. ఆ బోర్డుల మీదున్న మోజు నాకు మొక్కల మీద లేదేమో అనిపిస్తుంది ఇప్పుడు.

"నలుపుకి మొక్కేది మాస్టారూ?" అని ఒకమ్మాయి అడిగింది. తెల్లమొహం వేశాను. మర్నాడు వాళ్ల తాతని అడిగి తనే చెప్పింది: నలుపుకి మొక్క లేదు, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి కుండలో పులియబెట్టాలి. దాన్ని కసిం అంటారు. పిల్లలు విరిగిన మేకులు, పాత గొళ్లేలు ఏరుకొచ్చారు. తోట మూల కుండ పెట్టాం. రెండు వారాలకల్లా ఆ వాసనకి లెక్కల మేడం కిటికీలు మూయించారు. పిల్లలకి మాత్రం ఆ కుండే తోట. రోజూ ముక్కు మూసుకుని మూత తీసి చూసేవాళ్లు. దానికో బోర్డు పెట్టాలని నాకు తోచలేదు. అది మొక్క కాదు కదా!

చిరివేరు మాత్రం మొండికేసింది. మాది నల్లరేగడి, దానికి కావలసింది ఇసుక నేల. గుల్లల సున్నం కలిసిన తీరపు ఇసుకలోనే ఆ వేరు బాగా ఎరుపెక్కుతుందని అంటారు. బందరు నుంచి ఓడలెక్కిన గుడ్డల మీద ఎరుపు ఆ వేరుదే. 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో కొఠీ తెరిచింది మన గుడ్డల కోసమే. వాటిని తూర్పు దీవుల్లో ఇచ్చి మసాలా దినుసులు కొనుక్కునేవారు. వేరులో ఎరుపునిచ్చే అలిజరిన్‌ని 1868లో జర్మన్లు ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తర్వాత వేళ్లు తవ్వేవాళ్ల పని మెల్లగా పోయింది. ఇవన్నీ పిల్లలకి చెప్పాను. ఇసుక బస్తాలు మోయించాను, గుల్లలు దంచి కలిపించాను. మొక్కలు బతికాయి. ఆకు సన్నన, పువ్వు తెల్లన, బియ్యపు నూకంత. చుట్టూ కంచె కట్టాను.

నేను అరిచిన రోజు ఆ అమ్మాయి తాత కసిం చూడ్డానికి వచ్చి అక్కడే ఉన్నాడు. ఆయన నవ్వాడు.

"అదేంటి మాస్టారూ, పీకకపోతే ఎరుపెక్కడిది? పైన చూస్తే గడ్డే కదండీ. గింజ రాలాక పీకితే మళ్లీ అదే మొలుస్తుంది."

కుర్రాడు వేరు చూపించాడు. గీరినచోట పసుపు కలిసిన ఎరుపు. పాఠం చెప్పిన నేను ఆ వేరుని అప్పటిదాకా చూడనేలేదు.

ఆ శనివారం మొక్కలన్నీ పీకించాను. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద పిల్లలు ఒకవైపు పటిక నీళ్లు, ఒకవైపు కసిం అద్దారు. కసిం తగిలినచోట గుడ్డ చూస్తుండగానే నల్లబడింది. అరుపులే అరుపులు. దంచిన వేరు వేసి ఉడకబెట్టాక పటిక అద్దిన చోటే రంగు పట్టింది. ఎరుపని గొప్పకి చెప్పుకోవాలి, నిజానికి ఇటుకపొడి రంగు. ఇన్ని మొక్కలకి జేబురుమాలంత గుడ్డ. తాత మాత్రం దాన్ని వెలుగుకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

చిరివేరు బోర్డు అలాగే ఉంది. దాని కింద ఇసుకలో సన్నటి మొలకలేవో లేచాయి. గడ్డో చిరివేరో నాకింకా తెలియడం లేదు. ఆ కుర్రాణ్ణి అడగాలి.