మా ఊరి పేరుతో బొమ్మ

సినిమా సంగతి ఎత్తితే మా ఇంట్లో ఎవరి అభిప్రాయం వారిదే. నాది మాత్రం మేష్టరు అలవాటు. చూసిన ప్రతి బొమ్మకూ మార్కులు వేసేస్తాను. "ఇక్కడ కూడా పేపర్లు దిద్దుడేనా?" అని మా ఆవిడ విసుక్కుంటుంది.

"మాయాబజార్" (1957)కు నూటికి నూరు. భారత కథే గాని, పాండవులు ఒక్కసారైనా తెరమీదికి రారు. రాలేదన్న సంగతి మనకు తట్టనైనా తట్టదు. కె.వి. రెడ్డిగారి నేర్పు అటువంటిది. ఘటోత్కచుడు పెళ్లివంటలు ఆరగిస్తూంటే, మా నాన్నగారు తామే విస్తరి ముందు కూర్చున్నంతగా మురిసిపోయేవారు.

"మూగమనసులు" (1964)లో ఆదుర్తి సుబ్బారావుగారు చూపించిన గోదావరి అందం చెప్పనలవి కాదు. పడవవాడికీ జమీందారు బిడ్డకూ ఈ జన్మలో కుదరదు, మరో జన్మ ఎత్తవలసిందే. చిన్నప్పుడు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే, అంతకాలం ఎందుకు ఆగాలని అడగబుద్ధవుతుంది.

"సాక్షి" (1967) బాపుగారి తొలి చిత్రం. మా కోనసీమలోనే, పులిదిండిలో తీశారు. హత్యను చూసి సాక్ష్యం చెప్పిన అమాయకుడికి ఊళ్లో ఒక్కడు తోడు రాడు. ఊరు ఎంత పచ్చగా వున్నా పిరికిది కావచ్చు సుమా అని హెచ్చరించిన బొమ్మ అది.

శేఖర్ కమ్ముల "గోదావరి" (2006) మా ఆవిడ పక్షం. లాంచీలో రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా హాయిగా సాగుతుంది. దిగేసరికి మన బట్టలు తడవవు, అంతే నా ఫిర్యాదు.

ఇక "శంకరాభరణం". శంకరశాస్త్రిగారి పాండిత్యం కన్నా, తులసిని చేరదీసి లోకాన్ని లెక్కచెయ్యని ఆయన మొండితనం నాకు ఇష్టం. విశ్వనాథ్‌గారి ఆ చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. సరిగ్గా 44 ఏళ్లకు, 2024 ఫిబ్రవరి 2న, మరో సంగీతపు బొమ్మ వచ్చింది. అందులో వీణ లేదు, కచేరీ లేదు. అది "అంబాజీపేట మ్యారేజి బ్యాండు".

అంబాజీపేట అంటే లోకానికి కొబ్బరి మార్కెట్టే తెలుసు. మా ఊరి పేరు పోస్టరు మీద చూసి పిల్లలు గంతులు వేశారు. అందరం కలిసి వెళ్లాం. దుష్యంత్ కటికనేని దర్శకుడు. సుహాస్ వేసిన మల్లి క్షౌరవృత్తివారి కుర్రాడు, బ్యాండు వాయిస్తాడు. అతని కవల సోదరి పద్మ బడిపంతులమ్మ. ఊళ్లో డబ్బున్నవాడికి ఎదురునిలిచినందుకు ఆ ఇద్దరూ పడే అవమానం కథ. పద్మగా శరణ్య ప్రదీప్ నటన చూసి మా ఆవిడ ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. నేను మాత్రం అరవై అయిదు మార్కులు వేశాను.

ఆ ఆదివారం క్షవరానికి వెళ్లి, ఆ మార్కుల సంగతే చెప్పాను. అతను నాకన్న పదేళ్లు పెద్ద. పెళ్లిళ్ల రోజుల్లో క్లారినెట్ వాయిస్తాడు. నేను "నువ్వు" అంటాను, అతను "అండి" అంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

"ఆయ్, చూశానండి మేష్టారూ," అన్నాడు కత్తెర ఆపకుండా. "మీ చెల్లెమ్మగారి పెళ్లికి నేనే వాయించానండి. ఆ రాత్రి మేం ఎక్కడ తిన్నామో జ్ఞాపకం వుందాండి?"

నాకు లేదు. పాయసంలో జీడిపప్పు తక్కువైందని మామయ్య అలగడం జ్ఞాపకం వున్నది.

"పీచుకుప్ప వెనకాలండి. అందరివీ అయ్యాక," అన్నాడు. నిష్ఠూరం లేదు. తల కొంచెం వంచమన్నాడు, వంచాను.

ఆ చిత్రానికి నేను వేసిన మార్కులు కొట్టేశాను. దిద్దవలసిన పేపరు నాదే కదా!

మా అన్నయ్య కూతురి పెళ్లి కుదిరింది. బ్యాండు మాట్లాడడానికి నేనే వెళ్లాను. "మీరే రావాలండి," అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, గుమ్మంలో ఇంకెవరు వచ్చారా అని చూశాడు.

మొదటి బంతిలో వాళ్లకు విస్తళ్లు వేసే సంగతి మా అన్నయ్యతో ఇంకా తేలలేదు. రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ మాట మార్చాడు. ఈ ఆదివారం మళ్లీ ఎత్తాలి.