కడపటి పంక్తి

ఇంటిపని యింత యుండగా స్త్రీలకు వేరే వ్యాయామమేల యని మనలో ననేకులడుగుదురు. ప్రశ్న సహజమే. తెల్లవారినది మొదలు రాత్రి తలుపుగడియ వేయువరకు నిలుచుటయు, వంగుటయు, నడచుటయు మనకు తప్పవు. కాని వ్యాయామమునకు కొలత కలదు, విశ్రాంతి కలదు, దానికి తగిన యాహారము కలదు. ఇంటిపనికి ఈ మూడింటిలో నొక్కటియు లేదు. అందుచేతనే అది శరీరమును అలయించునంతగా బలపరుపదు. ఈ భేదమును మేము బరువులెత్తు పోటీకి సిద్ధపడిన నాలుగు మాసములలో స్వానుభవమువలన తెలిసికొంటిమి. దానిని సోదరీమణులకు విన్నవించుటయే యీ వ్యాసోద్దేశము.

మేమనగా ఒక యింటి తోడికోడండ్రము. మాది విజయనగరము. పెద్దకోడలికి 46 ఏండ్లు, చిన్నకోడలికి 41. అత్త తిట్టినందుకు కాక తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినదను సామెత మనలో కలదు. మా భాగ్యవశమున ఒకరి నవ్వు వేరొకరికి బలమే యయినది. 2022వ సంవత్సరమున పెద్దకోడలికి థైరాయిడ్ గ్రంథి మందగించినదని పరీక్షలో తేలినది. ఒడలు బరువెక్కుట, ఎడతెగని బడలిక, జుట్టు రాలుట మున్నగు లక్షణములన్నియు నుండెను. వైద్యురాలు మాత్ర వ్రాసియిచ్చి, కండరములకు కూడ పని కల్పింపుమని చెప్పెను. ఒంటరిగా వ్యాయామశాలకు పోవుటకు జంకి ఆమె చిన్నకోడలిని వెంటబెట్టుకొనెను.

బరువులెత్తుట మా ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. నెల్లిమర్ల చెంతనున్న కొండవెలగాడ గ్రామము దీనికి ప్రసిద్ధము. ఆ యూరి యాడుబిడ్డ మత్స సంతోషి 2014వ సంవత్సరమున గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో పతకమందెను. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస ప్రాంతమునకు చెందిన కరణం మల్లేశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ నగరమున ఒకమారు 110, మరియొకమారు 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకమును గెలిచి, ఒలింపిక్ పతకమందిన ప్రథమ భారత మహిళ యయ్యెను. ఆమె 2001లో కుమారుని గని, 2004లో ఏథెన్సు క్రీడలకు మరల పోయెను. వెన్నునొప్పిచే పోటీ ముగింపలేకపోయెను. పతకమునుగూర్చి చెప్పుకొనునట్లే, ఈ రెండవ సంగతినిగూర్చియు మనము చెప్పుకొనవలయును. శరీరము చెప్పినమాట వినుట అపజయము కాదు.

మేమెంచుకొన్నది పవర్ లిఫ్టింగ్. ఇందు బరువును తలపైకెత్తనక్కరలేదు. బరువును భుజములపై మోపుకొని గుంజిళ్లవలె కూర్చుండి లేచుట స్క్వాట్. బల్లపై వెల్లకిల పరుండి ఱొమ్ము మీదినుండి పైకి నెట్టుట బెంచ్ ప్రెస్. నేలనుండి తొడలవరకెత్తి నిటారుగా నిలుచుట డెడ్ లిఫ్ట్. ఒక్కొక్కదానికి మూడేసి యవకాశములుండును. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఇద్దరైన తెల్లదీపము చూపినగాని ఎత్తినది లెక్కకు రాదు. 40 ఏండ్లు దాటినవారికి ప్రత్యేక వర్గము కలదు. 2025 జనవరిలో జరుగు పోటీకి 2024 అక్టోబరునుండి సిద్ధపడ నారంభించితిమి.

మొదటి చిక్కు కాలమును గూర్చినది. ఇద్దరము ఒకేమారు ఇల్లు విడుచుటకు వీలులేదు. కావున వారమునకు మూడుదినములు పెద్దకోడలు వేకువను, చిన్నకోడలు సాయంకాలమున పోవునట్లు నిర్ణయించుకొంటిమి. ఆదివారము మాత్రము ఇద్దరమును కలిసి పోవుదుము. ఆనాటి యుదయపు ఫలాహారము అన్నదమ్ముల బాధ్యత. తొలివారము ఉప్మాలో ఉప్పు మఱచిరి. మూడవవారమునకు పిల్లలే మెచ్చుకొనిరి.

రెండవ చిక్కు ఇంతకన్న లోతైనది. ఆహారవిషయమున సలహా యిచ్చు నామె ఏడుదినములు మేము తిన్నదంతయు తూచి వ్రాసి తెమ్మనెను. వ్రాసితిమి. మా యింట మగవారికిని, పిల్లలకును, పిదప అత్తగారికిని వడ్డించి కడపటి పంక్తిని మేము కూర్చుండుట యలవాటు. అప్పటికి కూర అడుగంటును, పప్పు గిన్నెకంటియుండును, చారును, మజ్జిగయు, అన్నమును మాత్రము సమృద్ధిగా నుండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి లెక్కచొప్పున శరీరపు బరువులో కిలోకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలయును. అనగా 71 కిలోలున్న పెద్దకోడలికి 59 గ్రాములు. ఆమె తినుచున్నది 38. బరువులెత్తువారికి అంతకన్న నెక్కువ కావలయునని సలహా యిచ్చిన యామె 85 గ్రాములు నిర్ణయించెను.

ఆ చిన్న పుస్తకమును చూచి మా బావగారు చాలసేపు మాటలాడలేదు. ఆ రాత్రినుండి అందరును ఒకే పంక్తిని కూర్చుండవలయునని ఆయనయే చెప్పిరి. అత్తగారికి మొదట నచ్చలేదు. “మేమంతా ఇలాగే తిని బతకలేదా అమ్మాయీ?” అనిరి. ఆమె మాటలో తప్పులేదు. ఆమె యెరిగినది అంతియే. ఖరీదైన డబ్బాల పొడులకు మేము పోలేదు. దినమునకు రెండు గ్రుడ్లు, గుప్పెడు ఉడికించిన సెనగలు, గట్టి పప్పు, పాలు పెరుగు కలిపి అర్ధలీటరు, వీలయిననాడు చేప. లెక్క దాదాపు సరిపోయెను.

పోటీకి పోవువారు ఎరుగదగిన అపాయ మొకటి చెప్పెదము. బరువుననుసరించి వర్గములుండును. 71 కిలోల పెద్దకోడలిని 69 కిలోల వర్గమున దింపవలయునని శిక్షకుడొకడు తలచి, ఉప్పు మాని, కడపటి రెండుదినములు నీరు మానుమనెను. వ్యాయామశాలలో మరియొకరు థైరాయిడ్ మాత్రను రెట్టింపు చేసిన బరువు తగ్గునని హితవు చెప్పిరి. మేము రెండింటిని వైద్యురాలికి చెప్పితిమి. మాత్ర మోతాదు మించినచో గుండె దడ పుట్టి లయ తప్పుననియు, ఎముకలు పలుచబడుననియు ఆమె హెచ్చరించెను. నీరు మానుటయు వలదనెను. పెద్దకోడలు 76 కిలోల వర్గముననే పేరు నమోదు చేయించుకొనెను.

నవంబరు మాసమున అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటియెముక విరిగినది. శస్త్రచికిత్స జరిగి పదిదినములకు ఇల్లు చేరిరి. పోటీమాట ఇక ఎత్తకూడదని మేమిద్దరమును అనుకొంటిమి. మంచముమీదినుండి కుర్చీలోనికి, కుర్చీనుండి మంచముమీదికి ఆమెను చేర్చుటయే దినమునకు పదిమారులు. అప్పుడే మేము నేర్చినది మా కక్కరకు వచ్చెను. బరువును శరీరమునకు చేరువగా నుంచుకొనుట, వెన్ను వంచకుండుట, కాళ్లతో నేలను నొక్కి లేచుట, ఇదియే డెడ్ లిఫ్ట్. ఆమెకు నొప్పి కలుగకుండ, మా నడుములు పట్టకుండ పని సాగెను. ముట్లుడిగిన పిదప స్త్రీల యెముకలు శీఘ్రముగా క్షీణించుననియు, బరువులతోడి వ్యాయామము ఆ క్షయమును కొంత నిలుపుననియు అప్పుడు వైద్యుడు వివరించెను. అత్తగారు ఆలకించి, “కాలు జారి పడినదాన్ని నేను. మీ కాళ్లెందుకు ఆగిపోవాలమ్మా?” అనిరి. మేము మరల వ్యాయామశాలకు పోవ నారంభించితిమి.

డిసెంబరున వేరొక దెబ్బ తగిలెను. చిన్నకోడలికి మెట్లెక్కిన ఆయాసము, బరువెత్తిన కన్నులకు చీకట్లు. శ్రమవలన ననుకొనక రక్తపరీక్ష చేయించితిమి. హీమోగ్లోబిన్ 12 ఉండవలసినచోట 8.4 ఉండెను. గర్భాశయమందలి గడ్డలవలన ప్రతి మాసమున రక్తము మితిమీరి పోవుచుండెనని తేలినది. వైద్యురాలు చికిత్స ప్రారంభించి, పోటీ సరేసరి, భారమైన వ్యాయామమంతయు నిలిపివేయుమనెను.

ఆ రాత్రి పెద్దకోడలు తానును మానెదననెను. చిన్నకోడలు కంటనీరు తుడుచుకొని, “అక్కా, నా జబ్బుకి నువ్వు పథ్యం చేస్తే నాకు తగ్గుతుందా?” అని యడిగెను. దానికి బదులు లేకపోయెను. అంతట వంతులు మార్చుకొంటిమి. చిన్నకోడలు విశ్రాంతి గైకొనుచు మెల్లగా నడచుచు, అక్క లెక్కల పుస్తకమును చూచుచుండెను. ఇంట భారమైన పనులు మగవారు పంచుకొనిరి.

మాత్రల వేళలను గోడమీద వ్రాసి పెట్టుకొంటిమి. థైరాయిడ్ మాత్ర వేకువనే, వట్టికడుపున, నీటితో. కాఫీ గంట గడచిన పిమ్మట. ఇనుము మాత్రకు దానికి నాలుగు గంటలైన ఎడముండవలయును. కావున అది మధ్యాహ్నము, నిమ్మరసముతో. కాఫీ, తేనీరు ఇనుమును ఒంటబట్టనీయవు గనుక ఆ సమయమున వానిని దరిచేరనీయలేదు.

2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనత గలవారు దేశమున నూటికి 57 మంది. ఆంధ్రప్రదేశమున దాదాపు 59, తెలంగాణమున దాదాపు 58 మంది. చిన్నకోడలి వ్యాధికి గడ్డలు ముఖ్యకారణమే. కాని కడపటి పంక్తిలో ఏండ్లతరబడి తిన్న చారన్నము ఆమె పోగొట్టుకొన్న రక్తమును తిరిగి కూర్పజాలకపోయినది. పోటీకి సిద్ధపడకున్నచో ఆ యాయాసమును మేము వయస్సునకో, పనికో కట్టియుందుము.

జనవరి వచ్చెను. పెద్దకోడలు స్క్వాటున 80, బెంచ్ ప్రెసున 40, డెడ్ లిఫ్టున 105, వెరసి 225 కిలోలెత్తెను. కడపటి యవకాశమున 110 మోకాళ్లు దాటలేదు. నాలుగవ స్థానము వచ్చెను, పతకము రాలేదు. నడుముపటకాను బిగించి, చేతులకు సుద్దపొడి యందించినది చిన్నకోడలు. ఇంట అత్తగారు ఆనాడు చేతికర్ర నూతగొని కుర్చీనుండి పదిమారులు లేచి కూర్చుండి, లెక్క తప్పలేదని మాకు ఫోనులో చెప్పిరి. ఏప్రిలు మాసమున చిన్నకోడలి హీమోగ్లోబిన్ 11.8కి చేరినది. వైద్యురాలి యనుమతితో ఆమె వట్టి కడ్డీతో మరల ప్రారంభించినది; ఆ కడ్డీయే 20 కిలోలు.

సోదరీమణులారా! అందరును పోటీలకు పోవలయునని మేము చెప్పుటలేదు. పోటీకి పోదలచినవారు మొదట రక్తపరీక్ష చేయించుకొనుడు. వైద్యుడు నిలుపుమన్ననాడు నిలుపుడు. పోటీ మరుసటేడు మరల వచ్చును. పోనివారు ఒక్క పనిమాత్రము చేయుడు. ఏడుదినములు మీరు తిన్నది తూచి వ్రాసి, ఆ పుస్తకమును ఇంటివారి యెదుట పెట్టుడు. మన యిండ్లలో ప్రేమకు కొదువలేదు. మనమేమి తినుచున్నామో చూచినవారు లేరు. చూచిన పిమ్మట పంక్తి మారుట కష్టము కాదు. కూర గిన్నె నిండుగా నున్నప్పుడే మీ విస్తరియు వేసికొనుడు.