రెండో రిజిస్టరు

మా శాఖా గ్రంథాలయంలోకి కొత్త పుస్తకం ఏది వచ్చినా ముందు ఎక్కేది అక్సెషన్ రిజిస్టరులోకి. వరుస సంఖ్య, తేదీ, రచయిత, పుస్తకం పేరు, ఎక్కడినుంచి వచ్చింది, వెల ఎంత. ఆ సంఖ్య పడేదాకా అది మా పుస్తకం కాదు. 1988లో గుంటూరు జిల్లాలో కాలవ గట్టున ఉన్న శాఖలో నేను చేరిన రోజు, అక్కడి గ్రంథపాలకుడు నాకు నేర్పిన మొదటి పని అది. పిల్లలకు అడిగిందల్లా విడమరిచి చెప్పేవారని ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలిచేది.

ఆయన బల్ల సొరుగులో అలాంటిదే ఇంకో రిజిస్టరు ఉండేది. గళ్లు అవే. పుస్తకం పేరు ఉండాల్సిన చోట మాత్రం జిట్టంగి, చాతకం, గూడబాతు అని పిట్టల పేర్లు ఉండేవి. పక్కనే వచ్చిన తేదీ, తిరిగి వెళ్లిన తేదీ.

1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పడవలో పుస్తకాలు పెట్టి కాలవ వెంట ఊళ్లకు చేర్చారు. ఆ పడవ కోసం తమ నాన్న రేవులో కాచుకుని ఉండేవాడని మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో! ఆయనకు పుస్తకం తలుచుకుంటే కాలవే గుర్తొచ్చేది.

మా ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉంది. వానాకాలం ముందు ఆకు దూసి, నీడలో గలగలలాడేలా ఎండబెట్టి, గుడ్డలో చిన్న చిన్న మూటలు కట్టి బీరువాల్లో పెట్టించేవారు. పచ్చాకు పెట్టావో, తడికి కాగితం మరకపడుతుందమ్మాయ్ అని హెచ్చరించేవారు. ఒకసారి ప్రహరీ కట్టడానికి ఆ చెట్టు అడ్డమని కొట్టేయమన్నారు. మాస్టారు వాదనకు దిగలేదు. పురికొసతో స్థలమంతా కొలిచి, గోడను మూడడుగులు లోపలికి వంచితే చాలని కాగితం మీద గీసి ఇచ్చారు. ఆ గోడ ఇప్పటికీ వేప దగ్గర వంకరగానే ఉంది.

చిరిగి అట్టలూడిన పుస్తకాలను జాబితా రాసి తీసేయాల్సి వస్తే నాకు ప్రాణం ఒప్పేది కాదు. 1931లో రంగనాథన్ గారు ప్రకటించిన గ్రంథాలయ శాస్త్రపు అయిదు సూత్రాల్లో చివరిది, గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్నది. మాస్టారు దాన్నే గుర్తుచేసేవారు. “ఆకు రాలకపోతే చిగురుకు చోటేదమ్మా?” అని వేప వైపు చూపించేవారు.

ఒక పిల్లాడు వచ్చి, పొలంలో తోకాడించే పిట్ట పేరేంటని అడిగాడు. నేను పక్షుల పుస్తకాలుండే 598 అర వైపు లేవబోయాను. మాస్టారు ఆపి, “ముందు పిట్టను చూసొద్దాం పద” అని వాణ్ణి కాలవ గట్టుకు తీసుకెళ్లారు. అరగంటకు తిరిగొచ్చాక బొమ్మలున్న పుస్తకం తెరిచి వాడి చేతికిచ్చారు. బొమ్మ మీద వేలుపెట్టి, “ఇదే, ఇదే” అని వాడు అరిచిన అరుపు నాకిప్పటికీ వినపడుతుంది. పాఠకుడికి కావాల్సిన పుస్తకం ఇవ్వడమే మా పని అనుకుని చేరాను. ఆ పుస్తకం కావాలనిపించే కోరిక పుట్టించడం కూడా మా పనేనని ఆవేళ తెలిసింది.

1995లో ఆయన పదవీ విరమణ చేశారు. అయినా ఉదయం ఎనిమిదింటికి తలుపు తీసేసరికి అరుగు మీద ఉండేవారు. ఆదివారాలు ఉప్పలపాడు బస్సెక్కి, చెరువులో చెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ కట్టిన గూళ్లు లెక్కపెట్టి వచ్చేవారు.

మొన్న మాఘమాసంలో మాస్టారు పోయారు. వాళ్లమ్మాయి ఆ పిట్టల రిజిస్టర్లు నాలుగు తెచ్చి నాకిచ్చింది. చివరి పేజీలో ఆ తోకాడించే జిట్టంగి వచ్చిన తేదీ ఉంది, వెళ్లిన తేదీ గడి ఖాళీగా ఉంది. రోజూ గట్టు మీదికి వెళ్లి చూశాను. ఏప్రిల్లో పిట్ట కనపడటం మానేసిన రోజున ఆ గడి నేను నింపాను.

ఆ నాలుగింటినీ మా అక్సెషన్ రిజిస్టరులో ఎక్కించి 598 అరలో పెట్టాను. వెల అన్న చోట గీత గీశాను. మీరు ఎప్పుడైనా మా శాఖకు వస్తే అడగండి, తీసిస్తాను. కానీ ముందు కాసేపు కాలవ గట్టు మీద నిలబడి రండి.