రెండో మీటు

బర్మింగ్‌హామ్‌లో మా వీధి ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. రాత్రి తొమ్మిది దాటాక ఆంప్ మోగిస్తే పక్కింటి పసిపిల్ల లేస్తుంది. అందుకని హెడ్‌ఫోన్లు పెట్టుకుని వంటగదిలో కూర్చుంటాను. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకుని వచ్చి, గిన్నెలు కడిగేసి, చేతులు పొడిగా తుడుచుకుని ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్లోకి తీసుకుంటాను. ఆ నలభై నిమిషాలు నావి. ఆరేళ్లుగా ఇంతే.

నాకు కావలసింది వేగం. ప్రతి స్వరమూ గింజ గింజగా విడివిడిగా వినిపించే వేగం. గిటార్‌కి డిస్టార్షన్ పెట్టాక అదెంత కష్టమో మీటిన వాళ్లకే తెలుస్తుంది. డిస్టార్షన్ పెద్ద చప్పుడును అణిచి చిన్న చప్పుడును పైకి లేపుతుంది. వేలు తీగను వదిలేటప్పుడు వచ్చే కీచు, మనం ముట్టుకోని పక్క తీగ తనంతట తాను వణికే వణుకు, అన్నీ స్వరంతో సమానంగా చెవిలో పడతాయి. కుడి అరచేతి అంచును లావు తీగల మీద ఆనించి, ఎడమ చూపుడు వేలి కొసతో పక్క తీగను తాకి ఉంచి, మోగకూడనివి మోగకుండా ఆపుకోవాలి. ఈ ఆపడం ఒక్కటి పట్టుబడడానికే నాకు ఏడాది పట్టింది.

వేగానికి అందరూ చెప్పే దారే పట్టాను. మెట్రోనోమ్ 60 మీద పెట్టి దెబ్బకు నాలుగు స్వరాలు. శుభ్రంగా వచ్చాక 62, తర్వాత 64. అలా 96 దాకా ఎక్కాను, అంటే సెకనుకు ఆరు స్వరాల పైచిలుకు. అక్కడ ఆగిపోయాను. నాలుగు నెలలపాటు ప్రతి రాత్రీ 98 దగ్గర అదే తడబాటు. పట్టుదలకు పోయి చెయ్యి బిగించి వాయించాను. మోచేతి కింద నొప్పి మొదలై వార్డులో సిరంజి పట్టుకోవడమే కష్టమైంది. మూడు వారాలు గిటార్ ముట్టలేదు.

ఆ మూడు వారాల్లో భీమవరంలో మా వీణ మాస్టారు పదే పదే గుర్తొచ్చారు. చిన్నప్పుడు ఆయన దగ్గర నాలుగేళ్లు నేర్చుకున్నాను. మాకు దగ్గర్లోని పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పేరు అప్పటికే మారుమోగుతోంది. మేం బద్ధకిస్తే, "మన పక్క ఊరి పిల్లాడు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కృతులు వాయిస్తున్నాడు, మీరు సరళీ స్వరాలకే నీరుగారిపోతే ఎలాగమ్మా" అనేవారు. ఆ శ్రీనివాస్ తర్వాతి కాలంలో యార్క్‌షైర్‌లో పుట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించారు. ఆయన 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. వేగంలో కూడా ప్రతి స్వరమూ విడిగా ఎలా నిలబడుతుందో వినాలనిపిస్తే నేను ఇప్పటికీ వాళ్లిద్దరినే వింటాను.

మాస్టారు మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు ముందు తాళం వేస్తూ పాడించి, ఆ తర్వాతే వీణ మీద వాయించమనేవారు. ఆది తాళం నడక మారదు. ఒకటో కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. నేను మెట్రోనోమ్‌తో చేసింది దీనికి తలకిందులు. తాళాన్నే రోజూ కాస్త కాస్త తోశాను. 60 దగ్గర చెయ్యి ఎలా కదిలిందో 96 దగ్గరా అలాగే కదిలింది. నడకను ఎంత పెంచినా అది నడకే, పరుగులో కాలు పడే తీరే వేరు. మాస్టారి పద్ధతిలో ఒకటో కాలానికీ రెండో కాలానికీ మధ్య మజిలీలు లేవు. ఒక్కసారిగా రెట్టింపు. అక్కడ చెయ్యి తన కదలిక మార్చుకుని తీరాలి.

నొప్పి తగ్గాక మెట్రోనోమ్‌ను 60 మీదే వదిలేశాను. మూడు కాలాలూ వాయించి, నాలుగో కాలం ఒకటి నేనే కలుపుకున్నాను. దెబ్బకు ఎనిమిది స్వరాలు, అదీ ఒక్క దెబ్బ మట్టుకే. వెంటనే మళ్లీ ఒకటో కాలానికి దిగిపోవడం. అంత కొద్దిసేపట్లో చెయ్యి బిగుసుకునే వ్యవధి ఉండదు.

అయినా గాంధారం నుంచి మధ్యమానికి వెళ్లేచోట స్వరం చెదిరేది. ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి స్లో మోషన్‌లో వీడియో తీసుకున్నాను. వీణ అలవాటు కొద్దీ ఫ్రెట్‌ను మెట్టు అనే అంటాను. ఆరో తీగ మీద 8, 9, 12 మెట్లు స, రి, గ. ఐదో తీగ మీద 8, 10, 11 మెట్లు మ, ప, ద. నాలుగో తీగ మీద 9, 10 మెట్లు ని, స. కిందికి ఒక మీటు, పైకి ఒక మీటు చొప్పున వేస్తే గాంధారం కిందికి మీటడంతో ముగుస్తుంది. మీటే పిక్‌ను నేను పట్టుకునే వాలులో కింది మీటుకు దాని కొస రెండు తీగల మధ్యకు దిగిపోతుంది, పై మీటుకు గాల్లోకి లేస్తుంది. గాంధారం దగ్గర దిగిపోయిన పిక్, పై మీటుతో మధ్యమం పలకాలంటే ఐదో తీగను ఎక్కి దిగి రావాలి. నాలుగు నెలలూ నేను తడబడింది ఈ ఎక్కిదిగే చోటే.

మర్నాడు జంట స్వరాలు వాయించాను. సస రిరి గగ మమ. ప్రతి స్వరానికీ కింది మీటు ఒకటి, పై మీటు ఒకటి. తీగ మీద మూడు స్వరాలున్నా రెండున్నా, ఆ తీగ మీది చివరి మీటు ఎప్పుడూ పై మీటే. తీగ మారే ప్రతిచోటా పిక్ గాల్లో సిద్ధంగా ఉంటుంది. నాలుగో కాలంలో దెబ్బంతా చెదరకుండా పలికింది. వంటగదిలో ఒక్కదాన్నే కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

జంటలో రెండో స్వరాన్ని ఒత్తి పలకాలని మాస్టారు చెప్పేవారు. గిటార్ మీద ఆ రెండోది పై మీటు. చాలామందికి పై మీటే బలహీనం, నాకు మరీ. రెండో దాన్ని ఒత్తుతూ రెండు నెలలు వాయించేసరికి రెండు మీటులూ ఒక్క గొంతుతో పలకసాగాయి. పదేళ్ల వయసులో కంఠతా పట్టిన పాఠం ఇన్నేళ్లకు మణికట్టుకు దిగింది.

ఎడమ చేతి సంగతి నాకు ఈ ఊరే చెప్పింది. బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ వంతెనకు 2019లో బ్లాక్ సాబత్ పేరు పెట్టి, ఆ నలుగురి ముఖాలతో ఒక బెంచీ వేశారు. వాళ్లలో గిటారిస్టు టోనీ ఐయోమీ పదిహేడేళ్ల వయసులో ఇక్కడి రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా చెయ్యి యంత్రం కింద పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, మెట్లు నొక్కేది ఆ కుడిచెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, వాటికి తోలు అంటించుకున్నాడు. తొడుగుకు తీగ స్పర్శ తెలియదు. తేలిగ్గా నొక్కడానికి సన్నటి గిటార్ తీగలు కావాలి, అవి అప్పట్లో దొరక్క బాంజో తీగలు వేసుకున్నాడు. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా నా వేళ్ల వంక చూసుకుంటాను. అన్నీ ఉన్నాయి, స్పర్శ ఉంది. అయినా మెట్టు విరిగేలా ఎందుకు నొక్కుతున్నాను?

ఇప్పుడు సాధన మొదట్లో ఐదు నిమిషాలు ఒకే పని చేస్తాను. మెట్టుకు దగ్గరగా తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటుతాను, మొద్దు చప్పుడు వస్తుంది. కొంచెం కొంచెం ఒత్తిడి పెంచుతూ పోతే ఒకచోట స్వరం తేటగా పలుకుతుంది. అక్కడితో ఆపేస్తాను. నేను ఇన్నాళ్లూ నొక్కిన దాంట్లో సగం కూడా అక్కర్లేదు. మొదటి తీగ కూడా మార్చాను. అంగుళంలో వెయ్యోవంతులు 10 ఉన్నది తీసేసి 9 ఉన్నది వేశాను.

సరళీ స్వరాలు మాత్రం జంటల్లా లొంగలేదు. ఈ వారం వేరే దారి చూస్తున్నాను. గాంధారం మీటిన పిక్‌ను వెనక్కి తిప్పకుండా అదే ఊపులో ఐదో తీగ మీదికి జారనిచ్చి మధ్యమాన్ని కూడా కింది మీటుతోనే పలికించడం. తొందరపడితే రెండు స్వరాలూ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. గ నొక్కిన వేలిని సరిగ్గా మ పలికే క్షణంలో సడలించాలి. నిన్న రాత్రి పదిసార్లు వాయిస్తే మూడుసార్లు రెండూ విడివిడిగా వినపడ్డాయి. ఈ రాత్రి నాకు డ్యూటీ లేదు.