మా యింటి అంబాసిడరు

ఇల్లు కట్టించుకొన్నవారు ఏటేట దానికేదో యొక మార్పు చేయుచునే యుందురు. వంటయింట గూడొకటి పెట్టింతురు; దొడ్డిగుమ్మము వెడల్పు చేయింతురు; ఇంట ముసలివారున్నారని మెట్టు తగ్గింతురు. మోటారుకారు విషయమున నట్లు కాదు. కొన్ననాటి రూపముననే యుంచి, పాతబడగానే యమ్మివేసి, వేఱొకటి తెచ్చుకొనుట లోకమున వాడుక. మా మామగారు 1977లో కొన్న అంబాసిడరు కారును మేమట్లు చేయలేదు. దానిని ఇంటివలెనే వాడుకొంటిమి, ఇంటివలెనే మార్చుకొంటిమి.

ఈ కారునకు మూలము ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు. దానినిబట్టి కలకత్తాకడ ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు 1957లో అంబాసిడరును చేయ మొదలిడి, 2014 మే నెలలో నిలిపివేసిరి. నడుమ లోని యంత్రములు మాఱినవి గాని ఆ గుండ్రని యాకారము మాఱలేదు. మామగారు కొన్న కాలమున క్రొత్త కారు కావలెనన్నచో సొమ్ము కట్టి యేండ్లకొలది వేచియుండవలసి యుండెను. అట్లు వచ్చిన వస్తువును సులభముగా నెవరు వదలుకొందురు?

మొదటి మార్పు ఎండ చేయించినది. కారు రంగు అప్పుడు నలుపు. ఏలూరి వైశాఖమున మిట్టమధ్యాహ్నము దానిలో కూర్చుండుట పెనముమీద కూర్చుండుటయే. సీట్ల రెక్సిను చెమటకు చీరతో నంటుకొనెడిది. 1980లో తెల్లరంగు వేయించి, ఆ సంగతి రిజిస్ట్రేషను పత్రమున వ్రాయించితిమి. ఉతుకుటకు వీలుగా నాడాలతో కట్టుకొను నూలు తొడుగులను మేమే కుట్టితిమి. పైకప్పు లోపలి బట్టను విప్పించి, రేకునకును బట్టకును నడుమ జనుపనార దుప్పటి పఱపించితిమి. మా యూరు తివాచీలకు పేరుపడ్డది గదా, కాళ్లక్రిందకు రెండు తివాచీ ముక్కలు వేసితిమి. కాని వానకు తడిసిన తివాచీని అట్లే విడిచిన నేలరేకు తుప్పు పట్టును. వాన వెలిసిన ప్రతిసారియు దానిని తీసి యారవేయుట మా యింట నొక పని. అద్దములకు నల్లని పొర కూడ కొంతకాలము అంటించియుంటిమి. 2012లో సుప్రీముకోర్టువారు కూడదనగా తీయించివేసితిమి. దానివలన లోటేమియు కనబడలేదు. ముందుతలుపులకున్న త్రికోణపు చిన్నద్దములను త్రిప్పినచో గాలి సూటిగా ముఖమునకే కొట్టును. ఈనాటి కార్లలో ఆ చిన్నద్దములను ఏల తీసివేసిరో మాకు తెలియదు.

1986లో నొకనాడు విజయవాడకు పోవుచుండగా హనుమాన్ జంక్షను దాటిన పిదప గేదె యొకటి యడ్డము వచ్చెను. మామగారు బ్రేకు గట్టిగా నదిమిరి. కారు నిలిచెను గాని, ముందుసీటున మా యొడిలోనున్న మూడేండ్ల పిల్లవాడు నిలువలేదు. ఎదుటి పలక తగిలి పెదవి చీలెను. నాలుగు కుట్లు పడెను. కారు పెద్ద వేగముగా కూడ పోవుటలేదు. ఎంత బలము గల తల్లియైనను అట్టి కుదుపున బిడ్డను చేతులతో నాపలేదు. ఆ క్షణమున బిడ్డ బరువు పలురెట్లగును. బెల్టు పెట్టుకొనవలెనన్న నిర్బంధము అప్పటికి మన దేశమున లేదు. అయినను వారము తిరుగకముందే విజయవాడ ఆటోనగరులో బెల్టులు వేయించితిమి. మేస్త్రి చెప్పిన మాట యొకటి నేటికిని జ్ఞాపకమున్నది: "అమ్మగారూ, పలచని రేకుకు బోల్టు బిగిస్తే చాలదు, కుదుపు వస్తే రేకును చించుకొని వస్తుంది." అందుచేత నేలక్రింద దళసరి యినుపపలకలు అతికించి, వానిగుండ బోల్టులు వేసెను. పిల్లల తావు వెనుకసీటేయని ఆనాడే మా యింట శాసనమయ్యెను.

1991లో మామగారి చూపు మందగించెను. మావారి యుద్యోగము పరస్థలమున. కారు షెడ్డులో నుండిపోవుటయా, మేము నడుప నేర్చుకొనుటయా యన్న ప్రశ్న వచ్చెను. అత్తగారే తేల్చిరి: "అమ్మాయీ, నువ్వే నేర్చుకోరాదా? నన్ను డాక్టరు దగ్గరకు ఎవరు తీసుకుపోతారు?" తీర నేర్చుకొనబోగా, ఆ సీటు పొడవైన మగవారి కొలతకు చేసినదని తెలిసెను. మాకు కాలందదు, ముందున్న బానెట్టు దాటి చూపందదు. ముందుసీటు ముగ్గురు కూర్చుండు ఒకే బల్ల. మాకొఱకు ముందుకు జరిపిన, ప్రక్కవారి మోకాళ్లు పలకకు తగులును. కావున వీపునకు బూరుగుదూది దిండు, క్రిందకు కొబ్బరిపీచు మెత్త కుట్టించి, జరుగకుండ సీటునకు కట్టితిమి. క్రింది మెత్త గట్టిగా నుండవలెను; మెత్తనిదైన బ్రేకు నదుమునప్పుడు మనిషి లోనికి క్రుంగును, కాలిబలము బ్రేకునకు చేరదు.

ఇంజనీరింగు చదువు రోజులలో మా పిల్లవాడు స్టీరింగు చక్రము తీసివేసి చిన్నది పెట్టింతుననియు, గేరుకఱ్ఱను నేలమీదికి మార్పింతుననియు పట్టుపట్టెను. అందములే! పవరు స్టీరింగు లేని కారునకు చక్రము పెద్దదైనకొలది త్రిప్పుట తేలిక. చిన్నది పెట్టినచో షెడ్డులోనుండి తీయుసరికే భుజములు పడిపోవును. గేరుకఱ్ఱ స్టీరింగు ప్రక్కనుండుటచే కాళ్లకడ చీర కుచ్చెళ్లకు అడ్డములేదు. ఈ రెంటికిని మేము ఒప్పుకొనలేదు. కొమ్మువలె మ్రోగు హారను మాత్రము పెట్టించుకొమ్మంటిమి. వీధికుక్కలు వెంటబడుచున్నవని నెలలోపల వాడే దానిని తీసివేసెను.

చుట్టుపట్ల చాలమంది పెట్రోలు ఇంజను తీయించి డీసెలుది పెట్టించిరి. ఖర్చు తగ్గుట నిజమే. ఆ యదరును అత్తగారి నడుము ఓర్వదని మేము దాని జోలికి పోలేదు. పెట్రోలు చిక్కులు వేఱు. 2000 ఫిబ్రవరినుండి దేశమంతట సీసము కలియని పెట్రోలు వచ్చెను. ఊపిరికది మేలే గాని, పాతయింజనులలో వాల్వుల యంచులు అరుగకుండ ఆ సీసమే కాపాడుచుండెడిది. సిలిండరు హెడ్డు విప్పించి, ఆ యంచులకు గట్టిలోహపు వలయములు దిగవేయించితిమి. ఇప్పుడు పెట్రోలున నూటికి ఇరువది పాళ్లవఱకు ఇథనాలు. అది పాతరబ్బరును ఉబ్బించి చెఱచును. 2025లో పెట్రోలు గొట్టములన్నియు దానికోర్చు రబ్బరువి వేయించితిమి. పాతకారు గలవారు పెట్రోలు వాసన తగిలిన ఒక్కనాడైనను ఆలస్యము చేయరాదు.

అత్తగారికి మోకాళ్లనొప్పులు వచ్చినపిదప ఈ కారు విలువ మఱింత తెలిసెను. సీటు కుర్చీయెత్తున నుండును. కప్పు ఎత్తగుటచే కొప్పునకు తగులదు. బంధువుల క్రొత్త కారులో నొకసారి యెక్కి, దిగునప్పుడు నూతిలోనుండి చేదినట్లు ఆమెను చేదవలసివచ్చెను. మా కారున వెనుకతలుపు ప్రక్క స్తంభమునకు తోలుపిడి యొకటి వేయించితిమి. అడుగు పెట్టుటకు చెక్కపీట డిక్కీలో నుండును.

ఇంతలో క్రొత్త చర్చ పుట్టినది. 2027లో కారునకు ఏబదియేండ్లు నిండును. ఏబదియేండ్లు దాటి, చాసిస్సునందును బాడీయందును ఇంజనునందును పెద్ద మార్పులు లేక తొలిరూపముననున్న వాహనములను ఇరువదివేల రూపాయలు చెల్లించి 'వింటేజి' వాహనములుగా రిజిస్టరు చేయించుకొనుటకు కేంద్రప్రభుత్వమువారు 2021లో నియమములు చేసిరి. మా పిల్లవానికిది మిక్కిలి ప్రీతి. తొడుగులు, బెల్టులు, పిడి విప్పించి, నల్లరంగు వేయించి, 1977 నాటి రూపమునకు తెచ్చెదననియు, సొమ్ము తానే పెట్టుకొందుననియు చెప్పెను. మేము నియమములను పూర్తిగ చదివించుకొంటిమి. అట్టి వాహనము నిత్యపు వాడుకకు రోడ్డెక్కరాదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుట, మరమ్మతు, ఇంతవఱకే. గుడి యన్నమాట అందులో లేదు. కంటియాస్పత్రి యన్నమాటయు లేదు.

మామూలు రిజిస్ట్రేషనును అయిదేండ్లకొకసారి పొడిగించుకొనుటకు రుసుము 2022లో ఆఱువందలనుండి అయిదువేలయ్యెను; ఇరువదియేండ్లు దాటిన కార్లకు 2025లో పదివేలు చేసిరి. తక్కువ కాదు. అయినను నెలకు పంచి చూచిన నూటడెబ్బది రూపాయల లోపే. ఆ లెక్క మేము చెప్పుచుండగనే అత్తగారు అందుకొనిరి: "ఒరే నాన్నా, నేను పోయాక దాన్ని పెండ్లికొడుకును చేసి నిలబెట్టుకో. అందాకా నన్ను గుడికి పోనీ."

వాడు మాఱుపలుకలేదు. ఆమె నడుము వంగినకొలది తోలుపిడి అందుటలేదు; రెండంగుళములు క్రిందికి దింపవలెను. క్రొత్తరంధ్రము వేయుటకు మేస్త్రిని శనివారము రమ్మంటిమి. ఎక్కడ వేయవలెనో, అత్తగారిని కూర్చుండబెట్టి చేయి చాపించి, పెన్సిలుతో గుర్తు పెట్టినది మా పిల్లవాడే.