వాల్తెల్లీనాలో వగరు రుచి

ఇటలీ అనగానే మనవాళ్ళకి రోమ్, వెనిస్, పీసా గోపురం గుర్తొస్తాయి. ఈసారి సెలవుల్లో మేము వాటిని పక్కన పెట్టి, స్విట్జర్లాండ్ సరిహద్దుని ఆనుకుని ఉన్న వాల్తెల్లీనా లోయకి వెళ్ళాం. మిలాన్‌లో రైలెక్కితే కోమో సరస్సు ఒడ్డునే సాగి, రెండున్నర గంటల్లో తిరానో చేరుస్తుంది.

అద్దా నది ఈ లోయలో తూర్పు నుంచి పడమరకి పారుతుంది. అందువల్ల ఉత్తరపు గట్టు కొండలకి రోజంతా ఎండ. ఆ కొండల నిండా మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు. ప్రతి మెట్టుకీ సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. ఈ గోడలన్నీ కలిపితే సుమారు 2,500 కిలోమీటర్లట! హైదరాబాదు నుంచి ఢిల్లీ దూరం కన్నా చాలా ఎక్కువ. ఇలా గోడ కట్టే విద్యని 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇక్కడి ద్రాక్ష పేరు నెబ్బియోలో. స్థానికులు క్యావెన్నాస్కా అంటారు. దానితో చేసే గట్టి రెడ్ వైన్ స్ఫోర్జాతో. కోసిన గుత్తుల్ని గాలి బాగా ఆడే గదుల్లో డిసెంబరు దాకా ఆరబెడతారు. మన మామిడి ఒరుగుల్లాగే అనుకోండి, కాకపోతే ఎండలో కాదు, నీడలో. నీరు ఇంకిపోయి తీపి, రుచి చిక్కబడతాయి. తర్వాత ఆ తీపంతా పులిసి ఆల్కహాలుగా మారుతుంది. అది కనీసం 14 శాతం ఉండాలి. ఇరవై నెలలు నిలవ ఉంచాకే అమ్మాలి. 2003లో దీనికి ఇటలీ వైన్లలో అత్యున్నతమైన డీఓసీజీ హోదా వచ్చింది.

రుచి చూసేది పెద్దవాళ్ళే, కానీ వాసన చూడటానికి వయసుతో పనిలేదు. మా అమ్మాయి గ్లాసు దగ్గర ముక్కుపెట్టి "ఎండు ద్రాక్ష, లవంగం!" అంది. నేనో గుక్క తాగాను. నాలుక మీద గరుకుగా, చిగుళ్ళు బిగిసినట్టు అనిపించింది. దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే, "వగరా నాన్నా? ఉగాది పచ్చట్లో మామిడి పిందెలాగా?" అనేసింది. పరాయి దేశంలో పుట్టిన పిల్ల నోట ఆ మాట విన్నాక, ఏటేటా ఆరు రుచులూ పేరు పేరునా చెప్పి తినిపించిన మా ఆవిడ శ్రమ ఊరికే పోలేదనిపించింది.

వగరుకి విరుగుడు కొవ్వు, మాంసకృత్తులు. అందుకే దీనితో బాగా మాగిన బిత్తో చీజ్, నిదానంగా ఉడికించిన మాంసం వడ్డిస్తారు. అక్కడి అసలు వంటకం పిత్సోక్కెరి: బక్‌వీట్ పిండి పట్టీలు, క్యాబేజీ, బంగాళాదుంప, కసేరా చీజ్, వెన్న, వెల్లుల్లి. పిల్లలకైతే షాత్! అంటే వాళ్ళ యాసలో కప్ప. భయపడకండి, అవి లోపల చీజ్ కరిగే పిండి బజ్జీలు. బ్రెసావోలా మాత్రం సాధారణంగా గొడ్డు మాంసం. శాకాహారులు చీజ్‌లో ఏ రెన్నెట్ వాడారో కూడా అడగడం మంచిది.

ఇంట్లో ప్రయత్నిస్తే గోంగూర మటన్ పక్కన పెట్టకండి. ఆల్కహాలు మిరపకాయ మంటని పెంచుతుంది. కారం తగ్గించి, మిరియాలు, గరం మసాలాతో చేసిన మటన్ వేపుడు నయం. సీసా గంట ముందు తెరిచి, 16-18 డిగ్రీల దగ్గర తాగాలి.

వైన్ పోసిన పెద్దాయన తోట చూపిస్తూ, గోడలో రాయి జారితే యంత్రం పైకి రాదనీ, చేత్తోనే పేర్చాలనీ చెప్పారు. తన కొడుకు మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడట. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఊళ్ళో మా నాన్నగారి పొలం గట్లు కూడా ఇప్పుడు కౌలుదారే వేస్తున్నాడు.

వచ్చే సెలవుల్లో మీరూ వెళ్ళిరండి. తిరానో నుంచి సెయింట్ మోరిట్జ్‌కి 1910 నాటి బెర్నీనా రైలుంది. బ్రూసియో దగ్గర గుండ్రటి వంతెన మీద తన చుట్టూ తానే తిరుగుతుంది. పిల్లలకి కిటికీ పక్క సీటు ఇవ్వండి. వైన్ రుచి చూసిన నాన్నలకి డ్రైవింగ్ గొడవా ఉండదు!